వంక పెట్టే మాట

ఏవండీ, ఒక్క నిమిషం ఇటు రండి. పొయ్యి మీద ఏమైనా ఉంటే మంట తగ్గించి మరీ రండి. ఇది తొందరలో తేలే కబురు కాదు.

ఎక్సెప్షనల్ మీకు తెలిసిన మాటే. పిల్లాడికి ర్యాంకు వస్తే అందరూ తెగ వాడేస్తారుగా! దాని పక్కింట్లోనే ఎక్సెప్షనబుల్ అని ఇంకొకటి కాపురముంటోంది. పేర్లు ఇంచుమించు ఒకటే, గుణాలు మాత్రం ఎడమొహం పెడమొహం. మొదటిది అసాధారణమైనది. రెండోది వంక పెట్టదగ్గది, అభ్యంతరకరమైనది. ‘మీవాడి నడవడి ఎక్సెప్షనబుల్’ అని హెడ్మాస్టరుగారు రాసి పంపితే మిఠాయి పంచేరు సుమా! ముందు వాణ్ణి పిలిచి కూచోబెట్టండి.

మరి ఇంత తేడా ఎక్కణ్ణించి వచ్చిందంటారా? రెండింటికీ వేరు లాటిన్‌లోనే ఉంది: తీసి బయట పెట్టడం. గుంపులోంచి ఒకదాన్ని పక్కకి తీస్తే అది మినహాయింపు. ఎక్సెప్షనల్ ఆ దారిన వచ్చింది. రెండోది కోర్టు మెట్లెక్కింది. పాత రోములో ప్రతివాది ‘నా మీద దావా సరే, కానీ నేనిచ్చిన మాట వాది నా చేత మోసం చేసి ఇప్పించుకున్నదే’ అని అడ్డు చెప్పుకునేవాడు. ఆ అడ్డుకే ఎక్సెప్షియో అని పేరు. ఇంగ్లండులో ఇంకా ముచ్చట. లాయరు అభ్యంతరాన్ని జడ్జి తోసిపుచ్చితే దాన్ని రాతలో పెట్టి, ఆ జడ్జి చేతే ముద్ర వేయించుకోవచ్చని 1285 నాటి వెస్ట్‌మినిస్టర్ శాసనం చెప్పింది. కాదన్నవాడి చేతే ముద్ర! ఎంత బావుందండీ! ఇప్పటికీ ఇంగ్లీషులో ఎవరికైనా ఏదైనా నచ్చక అడ్డు చెబితే ‘ఎక్సెప్షన్ తీసుకున్నాడు’ అంటారు. అలా తీసుకోవడానికి సందు దొరికేదల్లా ఎక్సెప్షనబుల్.

అసలు మజా ఇంకా ఉంది, అప్పుడే వెళ్లిపోకండి. దీనికి ముందు ‘అన్’ చేర్చి చూడండి. అనెక్సెప్షనబుల్. వేలెత్తి చూపడానికి చోటు లేనిది అని. జేన్ ఆస్టెన్ ‘ఎమ్మా’ నవల మొదటి అధ్యాయంలోనే, కొత్త పెళ్లికొడుకు వెస్టన్‌గారి నడతకి ఈ మాటే వాడింది. మన పెళ్లిళ్ల పేరయ్య ‘కుర్రాడికి వంక పెట్టడానికి లేదండీ’ అంటాడే, అచ్చం అదే! గొప్పవాడన్నాడా? లేదే! తప్పు దొరకలేదన్నాడు, అంతే. అంత పొదుపైన పొగడ్త నాకు భలే ఇష్టం.

అనెక్సెప్షనల్ అంటే మాత్రం మామూలువాడు, చెప్పుకోదగ్గదేమీ లేనివాడు. ఆ పేరయ్య గనక ఈ మాట అన్నాడో, సంబంధం తప్పిపోయినట్టే! ఇంగ్లీషువాళ్లూ ఇక్కడ తడబడతారు. 1926లో ఫౌలర్ అనే ఆయన తన ఇంగ్లీషు వాడుక నిఘంటువులో ఈ జంటల గురించి ప్రత్యేకంగా హెచ్చరించాడు పాపం.

ఇంత అరుదైన మాట మనకెందుకంటారా? మన సుప్రీంకోర్టు తీర్పులు తిరగేయండి. హైకోర్టు తేల్చినదాంట్లో తప్పు పట్టేదేమీ లేదనడానికి జడ్జిలు ఈ అనెక్సెప్షనబుల్‌నే ఎంత ఇష్టంగా వాడతారో! మీ వీధిలో వకీలుగారెవరైనా ఉంటే అడగండి, గుక్క తిప్పుకోకుండా చెబుతారు.