మామ్మగారి జాడీ

పెనుమూడిలో మా ఇంట గోధుమరంగు పెద్ద జాడీ ఒకటి ఉన్నది. మామ్మగారి కాలంలో రంగూను నుండి ఓడ మీద వచ్చినదట. ఏటా అందులోనే మాగాయ వేస్తాము. ఇటీవల పాతసామాను కొనే అతను వచ్చి, జాడీకీ టేకు భోషాణానికీ కలిపి మంచి ధర చెప్పాడు. అది అబ్బాయి కాలేజీ ఫీజు కట్టవలసిన నెల! ఇంటిల్లిపాదీ కూర్చుని ఆలోచించుకున్నాము.

బర్మాలోని మర్తబాన్ రేవు నుండి ఇటువంటి జాడీలు దేశదేశాలకు వెళ్ళేవి. ఉర్దూలో ఊరగాయ జాడీని మర్తబాన్ అనడం అందువల్లనే. హైదరాబాదులో మూడవ సాలార్‌జంగ్ చైనా, జపాను పింగాణీ ఎంతో సేకరించారు. ఆయన 1949లో మరణించగా, 1951లో అవి మ్యూజియమై ప్రజలందరికీ దక్కాయి.

నూరేండ్లు దాటిన కళావస్తువులను వ్యాపారం చేసేవారికి 1972 నాటి చట్టం ప్రకారం లైసెన్సు ఉండాలి. ప్రైవేటు వ్యక్తులు వాటిని విదేశాలకు పంపరాదు. లైసెన్సు చూపమని అడిగితే, అతను మరల రాలేదు.

పెయ్యదూడను అమ్మి ఫీజు కట్టాము. బాధ కలిగినా, దూడలు మళ్ళీ పుడతాయి గదా!

మీ ఇంట పాత జాడీ ఉంటే ఇసుకతో తోమకండి. అది ఎవరిదో, ఎలా వచ్చినదో పెద్దలనడిగి పిల్లలచేత వ్రాయించండి. ఆ సంగతి చెప్పగలవారు ఏటేటా తగ్గిపోతున్నారు.