ఉదయగిరి దుర్గము

నేను ఉపాధ్యాయవృత్తిలో ప్రవేశించిన రెండవ సంవత్సరమున, అనగా 1985 ఫిబ్రవరిలో, ఎనిమిదవ తరగతి బాలురను పదునలుగురిని వెంటబెట్టుకొని ఉదయగిరి దుర్గము చూడబోయితిని. అప్పటికి నాకు ఇరువదియైదేండ్లు. తెలుగు పండిత పరీక్షలో ఉత్తీర్ణుడనై, తెలిసిన నాలుగు సంగతులును ఎదుటివారికి చెప్పినగాని నిద్రపట్టని దినములవి. నా చేతిసంచి నిండ చరిత్ర గ్రంథములనుండి ఎత్తి వ్రాసికొన్న కాగితములే యుండెను. నీటికి రెండు మరచెంబులు మాత్రమే తెచ్చితిని. అంతటి కోటలో నీరు దొరకకపోవునా యని నా ధీమా.

నెల్లూరు జిల్లా పడమటి భాగమున, అడవుల నడుమ, ఊరినానుకొని ఈ కొండ గోడవలె లేచియున్నది. ఎత్తు సముద్రమట్టమునకు 3,079 అడుగులు. కొండమీద ఎనిమిది, దిగువ అయిదు, వెరసి పదుమూడు కోటలు ఇచట నుండెడివి. ఇప్పుడు మిగిలినవి కూలిన ప్రాకారములు, బురుజులు, కప్పులేని మండపములు. వానిలో చెట్లు మొలచి, వేళ్ళు రాళ్ళను పట్టి విడదీయుచున్నవి. కొన్నిచోట్ల ఆ వేళ్ళే గోడను పడిపోకుండ పట్టి నిలిపినవి కూడ.

ప్రొద్దుపొడుపుతో ఎక్కనారంభించితిమి. మొదటి ద్వారమువద్ద నిలిచి నేను ఉపన్యాసము ప్రారంభించితిని. శ్రీకృష్ణదేవరాయలు 1509లో సింహాసన మెక్కెను. అప్పటికి ఈ దుర్గము కటకమునేలు గజపతుల వశమున నుండెను. రాయలు 1513లో దీనిని ముట్టడించెను. అచ్యుతరాయల కాలమున విజయనగరమున నుండిన నూనిజ్ అను పోర్చుగీసు గుఱ్ఱపు వర్తకుడు ఈ కథ వ్రాసియుంచెను. రాయల వెంట ముప్పదినాలుగు వేల కాల్బలము, ఎనిమిది వందల ఏనుగులు వచ్చినవట. కోటలోనివారు పదివేల కాల్బలము, నాలుగు వందల గుఱ్ఱములు. పైకి పోవుటకు ఒక్కటే త్రోవ; అదియు ఒకరివెనుక ఒకరు నడువవలసినంత ఇరుకు. రాయలు బండలు పగులగొట్టించి ఆ త్రోవను వెడల్పు చేయించెను. ఏడాదిన్నర గడచిన పిమ్మట, 1514లో కోట స్వాధీనమయ్యెను. గజపతి బంధువైన తిరుమల రాహుత్తరాయలు పట్టువడెను. ఇచటి బాలకృష్ణుని విగ్రహమును రాయలు విజయనగరమునకు గొనిపోయి, 1515లో దానికై ఆలయము కట్టించి ప్రతిష్ఠించెను. ఆ విగ్రహము తరువాత చెన్నపట్టణపు ప్రదర్శనశాలకు చేరినది.

ఇదంతయు చెప్పుటకు గంట పట్టినది. నంది మల్లయ, ఘంట సింగయ అను జంటకవుల ప్రబోధచంద్రోదయము ఉదయగిరి ప్రభువు బసవరాజు మంత్రియగు గంగయకు అంకితమైనదని కూడ చెప్పితిని. పండితుడను గదా, దానిని విడువలేకపోయితిని. పిల్లలు వినుచునే యుండిరి. వినుచునే నీళ్ళు త్రాగుచుండిరి. నేను చూడలేదు.

సగము కొండ ఎక్కునప్పటికి రెండు మరచెంబులును ఉత్తవైనవి. ఎండ ముదిరినది. బండలు సెగలు గ్రక్కుచుండెను. ముందు కనిపించిన గుంట యెండి, అడుగున ఆకులు మాత్రమే మిగిలియుండెను. రెండవ గుంటయు అట్లే యుండెను. పిల్లల మాటలు తగ్గిపోయినవి. అంతవఱకు అందఱికంటె ముందు ఉఱుకుచుండిన ఒక సన్నని బాలుడు ఒక గోడ నీడను కూర్చుండెను, మఱుక్షణమే ఒరిగిపోయెను. వాని పెదవులు తెల్లబడినవి. పిలిచితిని, పలుకలేదు.

ఆ క్షణమున నా సంచిలోని కాగితములతో వానికి విసరితిని. ఆనాడు వానివలన కలిగిన ప్రయోజనము అంతియే. క్రిందికి మోసికొనిపోదమన్నను ఒక గంట పట్టును. వాని తల్లి ఆ తెల్లవారుజామున బస్సుదాక వచ్చి, "జాగ్రత్త అయ్యవారూ" అన్న మాట చెవిలో మ్రోగుచుండెను. కేకలు వేసితిమి.

ఆ కేకలు విని పొదలలోనుండి ఒక ముదుసలి వచ్చినది. తలపై కట్టెలమోపు. ఉదయగిరిలో కొయ్యగరిటెలు చెక్కు పనివారు కలరు. వారికై ఆమె నర్ది, బిక్కి కట్టెలు ఏరుచుండెనట. మోపు దింపి, నడుమునకు వ్రేలాడుచున్న సొరబుర్ర విప్పి, బాలుని మొగము తడిపి, నోట కొంచెము కొంచెముగా నీరు పోసినది. వాడు కన్ను విప్పెను. అప్పుడామె నా వైపు తిరిగి,

"ఏం నాయనా, నీళ్ళు లేకుండానే ఎక్కినావా ఇంతమంది పిల్లకాయల్ని పెట్టుకొని?" అనెను.

నేను తల దించుకొంటిని. ఆమె మఱేమియు అనలేదు. త్రోవ విడిచి ఎడమకు, మేము కంపగా తలచిన చోటునుండి దారి తీసినది. నూఱడుగులు పోయితిమో లేదో, రెండు పెద్ద బండల నడుమ, మఱ్ఱివేళ్ళ క్రింద, మంచమంత మడుగు కనిపించినది. చల్లని నీరు. మడుగు అంచున ఎవరో ఏనాడో చెక్కిన నాలుగు మెట్లు అరిగి నునుపెక్కియుండెను. అందఱమును కడుపునిండ త్రాగితిమి.

సొమ్మసిల్లిన బాలుడు తేరుకొని ఆ మెట్లమీద కూర్చుండి, నన్ను చూచి అడిగెను:

"అయ్యవారూ, కోటలో పదివేలమంది ఉన్నారంటిరి గదా. ఏడాదిన్నరపాటు వాళ్ళందఱికి ఈ నీళ్ళు సరిపోయినవా?"

నా కాగితములలో దీనికి సమాధానము లేదు. నాకు బదులుగా ముదుసలియే పలికినది.

"నీళ్ళదేముంది నాయనా, వాన పడితే కొండంతా కారుతుంది. మఱి తిండో? ఇక్కడ ఏం పండుద్ది?"

నేను ఉలికిపడితిని. ఈ కోటను ఆకలిచేతనే తప్ప మఱి యే విధమునను పట్టరాదని నూనిజ్ వ్రాసిన మాట నా కాగితములలోనే యున్నది. దానిని నేను కోట గొప్పతనమునకు సాక్ష్యముగా అనేక పర్యాయములు చదివితిని. అది అన్నము లేని మనుష్యులనుగూర్చిన మాట అని నాకు తోచనేలేదు. ఎంత ధాన్యముతో వారు ద్వారములు మూసికొనిరో, చివరి నెలలలో ఆ నాలుగు వందల గుఱ్ఱము లేమైనవో, గింజలు ముందు ఎవరికి ఇచ్చిరో, ఎవరికి మానిరో! మేము ప్రొద్దుటినుండి మధ్యాహ్నమువఱకు, ఒక్క పూట, నీరు లేకయే ఇట్లయితిమి. రాయలు గొప్పవాడే. ఆయనయెడ నా భక్తి నేటికిని తగ్గలేదు. కాని పరీక్షలో "ఉదయగిరి విజయమును వర్ణింపుము" అని మాత్రమే అడుగుట ఆ ఏడుతో మానితిని. "కోటలోపలి భటుడు తన యింటికి వ్రాసిన లేఖ"యని రెండవ ప్రశ్న చేర్చితిని. ఒకానొక తనిఖీ అధికారికి అది నచ్చలేదు. అయినను తీసివేయలేదు.

శిఖరము చేరునప్పటికి ఎండ చల్లారినది. అచట పాడుపడిన మసీదొకటి, పారసీక శాసనములతో, ఉన్నది. గజపతులును రాయలును పోయిన పిమ్మట గోలకొండవారు వచ్చిరి. తూర్పున మైదానము, పడమట కొండవెంట కొండ. పిల్లలు చాలసేపు చూచిరి. ఈసారి నేనేమియు చెప్పలేదు.

దిగునప్పుడు ముదుసలి చూపిన మడుగువద్ద మరల ఆగితిమి. ఆమె అప్పటికే వెళ్ళిపోయినది. ఆ సన్నని బాలుడు రెండు మరచెంబులను నింపి, మరలు బిగించెను. త్రోవ పల్లము, ఊరు కనుచూపుమేరలోనే యున్నది, బరువెందులకని నేనంటిని. వాడు వినలేదు. ఊరు చేరి, బస్సెక్కి, మా గ్రామమున దిగునంతవఱకు ఆ చెంబులను ఒడిలోనే పెట్టుకొని కూర్చుండెను. ఎవరికిని దాహము వేయలేదు.