ఆ సన్న బొక్కల పిన్నీసు పెట్టకుండ్రి

పంట ముచ్చట ఇయ్యాల పక్కన పెడుత. మా ఇంట్ల వైఫై డబ్బాతోని నేను చేసిన తప్పు చెప్త, మీరు చెయ్యొద్దని.

2025 పత్తి సీజన్‌ల సీసీఐకి అమ్మాలంటే కపాస్ కిసాన్ యాప్‌ల స్లాట్ పెట్టుకోవాలని కొత్తగ వచ్చింది కదా. ఆ సీజన్‌ల పొడుగు పింజకు మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలుండె. మా వాకిట్లకు వచ్చిన దళారి అడిగింది దానికి వెయ్యికి పైనే తక్కువ.

మాది పాత ఇల్లు, మందం రాతిగోడలు. పిల్లలు ముడతరని డబ్బాను లోపటి అర్రల ఇనుప బీరువా ఎనుక పెట్టిన. నేనేమో వాకిట్ల మంచం మీద కూసొని స్లాట్ పెడుతున్న. గుండ్రం తిరుగుతనే ఉంది. ఓటీపీ వస్తది, కొట్టేలోపు టైం అయిపోతది. కోపమొచ్చి డబ్బా ఎనుక సన్న బొక్క కనవడితే పిన్నీసు మొన పెట్టి గట్టిగ వత్తిన. లైట్లన్ని ఆరి మళ్ల వచ్చినయ్. కానీ నెట్ అసలుకే పోయింది.

మూడో రోజు మర్పల్లి నుంచి వచ్చిన పిల్లగాడు చూసి నవ్విండు. "కాకా, అది రీసెట్. లోపట పెట్టిన యూజర్ పేరు, పాస్‌వర్డ్ అన్ని తుడుచుకపోయినయ్. స్విచ్ బంద్ చేసి అర నిమిషం ఆగి ఏస్తే సరిపోవు" అన్నడు. అప్పటికి ఆ వారం స్లాట్లు నిండినయ్. ఇంట్ల పైసల అక్కర, పది క్వింటాళ్లు దళారికే పోసిన. ఎంత పోయిందో లెక్క మీరే ఏసుకోండి.

ఆ పిల్లగాడు చెప్పింది, తర్వాత నేను చేసి చూసింది రాస్తున్న. ముందుగాల లైట్లు చూడాలె. ఎల్ఓఎస్ అని రాసిన కాడ ఎర్రగ ఉంటే తీగెల వెలుగు వస్తలేదన్నట్టు. అది గాజు పోగు, మడత పడ్డా, ఎలుక కొరికినా పోతది. మనం ముట్టొద్దు, ఫోన్ చెయ్యాలె. ఎరుపు లేకుండ పాన్ లైటు ఆకుపచ్చగ నిలకడగ ఉంటే తీగె మంచిగనే ఉన్నట్టు. అప్పుడు డబ్బా పక్కకు పోయి చూడుండ్రి. అక్కడ మంచిగొచ్చి వాకిట్ల రాకుంటే తప్పు మనం పెట్టిన జాగదే. రాతిగోడ, ఇనుప బీరువా, రేకులు, నిండు నీళ్ల డ్రమ్ము అన్నీ సిగ్నల్‌ను ఆపుతయ్. నేను డబ్బాను నడింట్ల మనిషెత్తున, తలుపుకు ఎదురుగ పెట్టిన. ఇప్పుడు మంచం కాడికి వస్తుంది.

కొన్ని డబ్బాలకు రెండు పేర్లు కనవడతయ్. 5జీ అని ఉన్నది దగ్గరికి జోరు, గోడ దాటితే సన్నగైతది. దూరానికి 2.4 దే మేలు. కరెంటు పోతే నడవాలని చిన్న యూపీఎస్ కొంటే, డబ్బా అడాప్టర్ మీద ఎన్ని ఓల్టులుందో చూసి అదే తెచ్చుకోండి. డబ్బా కింది స్టిక్కర్‌ను ఫోటో తీసుకోండి. కనెక్షన్ యూజర్ పేరు, పాస్‌వర్డ్ అడిగి పాసుబుక్ల రాసి పెట్టుకోండి.

ఇంకో మాట. ఆ రోజు ఫోన్ల వైఫై బంద్ చేసి సిమ్ము నెట్ పెట్టుకున్నా పనయ్యేదేమో. కోపంల అది తట్టనే లేదు.

బోరు నీళ్లు పొయ్యకుంటే ముందు ఫీజు చూస్తం, స్టార్టర్ చూస్తం. వచ్చుడు వచ్చుడే మోటరు పైకి గుంజం కదా? డబ్బా కూడ అంతే.

మీ ఇంట్ల డబ్బా ఏడ పెట్టిండ్రో కింద రాయుండ్రి.