వచ్చిన దావ

మా పాత ట్రాక్టరు అర ఎకరం దున్నేలోపలే కాగిపోయేది. నీళ్లు తక్కువేమోనని బిందెలకు బిందెలు పోసి, నీళ్లకు మొహంవాచిన మా పావగడ పల్లెలో అమ్మచేత తిట్లు తిన్నాను.

నాయన వంగి చూశాడు. రేడియేటరు రెక్కల సందుల్లో శెనక్కాయ పొట్టు, ఎర్రదుమ్ము గడ్డకట్టి ఉన్నాయి. ముందునుంచి నీళ్లు కొట్టబోతే చెయ్యి పట్టుకున్నాడు.

"చల్లారనీరా. ఫ్యాను గాలిని ముందునుంచి లాగుతాది. పొట్టూ ఆ దావనే వచ్చింది. ఎనకనుంచి కొట్టు, వచ్చిన దావనే పోతాది. గట్టిగా కొడితే రెక్కలు వంగుతాయి."

మా తాలూకా చుట్టూ చాలావరకు ఆంధ్ర పల్లెలే. నా బడి మాత్రం కన్నడం. ఈ పని తెలుగులోనే నేర్చుకున్నాను.

ఇప్పుడు నాయన లేడు. మొన్న నా కొడుకు ముందునుంచి పైపు పట్టాడు. "ఎనకనుంచి కొట్టరా" అన్నాను. ఎందుకని కన్నడంలో అడిగాడు. నాయన మాటల్లోనే చెప్పాను.

వాడు పైపు తీసుకుని వెనక్కి నడిచాడు.