గేరు పడటం లేదా, నిలవటం లేదా?

పాత బండి ఉన్నవాళ్ళకు ఒక సంగతి అనుభవమే. బండి ఆగిపోతే భయం తక్కువ, నడుస్తూ నడుస్తూ కొత్త చప్పుడు చేస్తే భయం ఎక్కువ. ఆగిన బండికి పెట్రోలో కరెంటో అందలేదని తొందరగానే తేలిపోతుంది. గేర్ల జబ్బు అట్లా కాదు. ఇంజను బలం వెనుక చక్రాలకు చేరాలంటే క్లచ్చి, గేరుబాక్సు, ప్రొపెల్లర్ షాఫ్టు, డిఫరెన్షియల్ అని నాలుగు మజిలీలు దాటాలి. జబ్బు ఒక మజిలీలో ఉంటే మూలుగు మరో మజిలీలో వినిపిస్తుంది. అక్కడే మన డబ్బు పోతుంది.

మా ఇంట్లో అంబాసిడర్ మార్క్ 4 ఉంది. నాన్న కొన్నది. 2014లో ఉత్తరపారాలో ఆ కార్ల తయారీ ఆగిపోయాక దానిమీద మాకు మమకారం ఇంకా పెరిగింది. ఆ బండిలో గేరుకడ్డీ నేలమీద ఉండదు, స్టీరింగు పక్కన ఉంటుంది. ఒక ఏడాది రెండో గేరు మొండికేసింది. పట్నంలో పెద్ద షెడ్డువాళ్ళు అటూ ఇటూ చూసి గేరుబాక్సు మార్చాలని కాగితం రాసిచ్చారు. ఆ లెక్క చూసి ఇంట్లో అందరూ బండిని పాత ఇనుముకు వేసెయ్యమన్నారు. అమ్మ మాత్రం ఏమీ అనలేదు. ఆ మౌనానికే నేను బండిని హోసూరులో రాయకోట రోడ్డు మామ దగ్గరికి తోలుకుపోయాను. చుట్టరికమేమీ లేదు, ఊరంతా ఆయన్ను మామ అనే పిలుస్తుంది.

కాగితం చూపించబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. "అది ఉండనీ అల్లుడా. గేరు పడకుండా ఉండాదా, పడి నిలవకుండా ఉండాదా? ముందు అది చెప్పు."

పడటం లేదన్నాను. ఇంజను ఆపించి మళ్ళీ గేరు వెయ్యమన్నాడు. ఇంజను ఆపినప్పుడు సులువుగా పడి, నడుస్తున్నప్పుడు మాత్రం కర్రుమంటే తప్పు చాలావరకు క్లచ్చిది. కాలితో తొక్కినా అది పూర్తిగా వదలటం లేదన్నమాట. మా బండి ఆపినా మొండికేసింది, నడిచినా మొండికేసింది. కాబట్టి క్లచ్చిమీద అనుమానం తీరింది. తరువాత మామ కుర్రవాడిచేత గేరుబాక్సు దగ్గర రాడ్లు ఊడదీయించి, అక్కడి లివరును చేత్తోనే కదిలించమన్నాడు. గేర్లన్నీ వెన్నలో వేలు దిగినట్టు దిగాయి. పెట్టె నిక్షేపంగా ఉంది. స్టీరింగు నుంచి పెట్టె దాకా వచ్చే రాడ్ల కీళ్ళలో బుష్షులు అరిగి గుండ్రం తప్పాయి. పైన చెయ్యి ఎంత కదిలినా కిందికి సగమే చేరుతోంది. బుష్షులు మార్చి, రాడ్లు సరిచేసి సాయంత్రానికి బండిని ఇంటికి పంపాడు.

ఆనాటి నుంచి మామ మాటలను గమనించటం మొదలుపెట్టాను. ఆయన వైద్యమంతా క్రియాపదాల్లో ఉంది. "జారుతా ఉండాది" అంటే ఇంజను అరుస్తుంది, బండికి వేగం రాదు. కృష్ణగిరి నుంచి హోసూరుకు ఎక్కి వచ్చేటప్పుడు అది బయటపడుతుంది. హ్యాండ్ బ్రేకు గట్టిగా లాగి, టాప్ గేరులో పెట్టి క్లచ్చి మెల్లగా వదిలితే ఇంజను ఆగిపోవాలి. ఆగకుండా తిరుగుతూనే ఉంటే క్లచ్చి ప్లేటు జారుతున్నట్టే.

"దూకుతా ఉండాది" అంటే గేరు పడుతుంది కాని, యాక్సిలరేటరు మీద కాలు తియ్యగానే న్యూట్రలుకు వచ్చేస్తుంది. ముందు ఇంజను కింది రబ్బరు మౌంటింగులు చూస్తాడు. అవి బాగుంటే జబ్బు పెట్టె లోపలే ఉందంటాడు: ఫోర్కో, స్ప్రింగో, పళ్ళో.

"ఏడుస్తా ఉండాది" అంటే ఎప్పుడు అని అడుగుతాడు. న్యూట్రల్లో ఊరికే ఉన్నప్పుడు ఏడ్చి, క్లచ్చి తొక్కగానే ఊరుకుంటే గేరుబాక్సులో బేరింగు. తొక్కినప్పుడే ఏడిస్తే క్లచ్చి బేరింగు. కదిలేటప్పుడు కట్ మంటే షాఫ్టు క్రాసు. కాలు నొక్కినప్పుడొక రాగం, ఎత్తినప్పుడొక రాగం తీస్తే వెనకాల క్రౌను పినియను.

ఆయన పెట్టె విప్పనే విప్పడనుకోకండి. ఒక పాత జీపు ఆయిలు దించి తెల్లగుడ్డ మీద పోశాడు. అయస్కాంతానికి అంటని పసుపు పొడి కనిపించింది, అది సింక్రోమెష్ రింగుల ఇత్తడి. పక్కనే ఉక్కు పెళుసులు. "యీ దినమే విప్పల్ల. రేపంటే షాఫ్టు కూడా పోతాది" అన్నాడు. కొద్దిపాటి బూడిదరంగు పేస్టు మాత్రమే ఉంటే అది వయసు అరుగుదల, జబ్బు కాదు. మా అంబాసిడర్‌లో మొదటి గేరుకు సింక్రోమెష్ లేదు కనుక కదిలే బండిలో అది కర్రుమన్నా జబ్బు కాదు, స్వభావం.

సామాన్ల పేర్లన్నీ ఇంగ్లీషువే. తమిళం మాట్లాడే షెడ్డులోనూ, కన్నడం మాట్లాడే షెడ్డులోనూ క్లచ్చి క్లచ్చే, బుష్షు బుష్షే. కాని జబ్బు చెప్పుకోవటానికి ప్రతి ఇల్లూ తన మాటనే వెతుక్కుంటుంది. మామకు తెలుగు అక్షరాలు రావు, బడిలో చదివింది తమిళం. అయినా జారటానికీ దూకటానికీ, పడకపోవటానికీ నిలవకపోవటానికీ తేడా ఆయన తెలుగులో పొల్లుపోకుండా ఉంది. మన పిల్లలు వీటన్నిటినీ కలిపి "గేర్ ప్రాబ్లం" అంటున్నారు. కొత్త బండ్లకైతే కంప్యూటరు తగిలించి తప్పు చదువుతారు. పాత బండికి ఆ వసతి లేదు. దాని తరఫున చెప్పవలసింది మన నోరే. "ప్రాబ్లం" అని ఊరుకుంటే మిగతా వాక్యం షెడ్డువాడు తనకు లాభంగా పూర్తిచేసుకుంటాడు.

అందుకని పాత బండ్లున్న మనవాళ్ళకు ఒక్క మాట. షెడ్డుకు పోయేముందు నాలుగు సంగతులు చూసుకోండి. ఏ గేరులో? ఇంజను నడుస్తున్నప్పుడా, ఆపినప్పుడా? బండి కదిలేటప్పుడా, నిలబడ్డప్పుడా? క్లచ్చి తొక్కినప్పుడా, వదిలినప్పుడా? ఆ చప్పుడును మీ అమ్మ ఏమని చెప్పేదో ఆ మాటతోనే చెప్పండి. పక్కన పిల్లలుంటే వాళ్ళనూ విననివ్వండి.