గోడ దాటని వైఫై

సెప్టెంబరు వచ్చిందంటే సైబరాబాద్‌లో వాన, వినాయక మండపాలు, బిగ్ బాస్ మూడూ ఒకదాని వెంట ఒకటి దిగుతాయి. 2025లో ఆసియా కప్పు కూడా తోడైంది. దాంతో లిఫ్టులో, పార్కింగ్‌లో, పాల ప్యాకెట్ల దగ్గర ఎక్కడ విన్నా ఒకటే మాట: ‘మీ ఇంట్లో కూడా టీవీ ఆగి ఆగి వస్తోందా?’

ఆ ఏడు గొడవ ఆగస్టులోనే మొదలైంది. కృష్ణాష్టమి ఊరేగింపులో రామంతాపూర్ దగ్గర రథానికి కరెంటు తగిలి 5 మంది ప్రాణాలు పోయాయి. ఆ వెంటనే విద్యుత్ పంపిణీ సంస్థ స్తంభాలకు వేలాడే కేబుళ్లను కత్తిరించే పనిలో పడింది. చాలా కాలనీల్లో ఇంటర్నెట్ పోయింది. ఎయిర్‌టెల్ హైకోర్టుకు వెళ్లింది. మన వీధుల్లో తలమీద వేలాడే ఆ తీగల చిక్కు చూసినవాళ్లెవరూ కోతను తప్పుపట్టరు. కాకపోతే ఏ తీగలో ప్రాణం ఉందో, ఏది ఎప్పుడో చచ్చిందో చూసి, ముందుగా ఓ మాట చెప్పి కోస్తే బాగుండేది.

తీగ తెగిందో లేదో తెలుసుకోవడానికి ఇంజనీరు అక్కర్లేదు. రౌటర్ మీద ఎల్ఓఎస్ అని రాసి ఉన్న చోట ఎర్ర దీపం వెలిగితే ఫైబర్‌లో వెలుగు రావట్లేదన్నమాట. తెగి ఉండొచ్చు, ఎక్కడో గట్టిగా వంగి ఉండొచ్చు. అప్పుడు మనం ఎన్నిసార్లు ఆఫ్ చేసి ఆన్ చేసినా లాభం లేదు, కేబుల్ అబ్బాయి రావాల్సిందే. నిమజ్జనం వారంలో ఆయన దొరకడం గగనం. పెద్ద విగ్రహాలకు దారివ్వడానికి తీగలు పైకెత్తేవాళ్లు ఎత్తుతూనే ఉంటారు, తెగేవి తెగుతూనే ఉంటాయి.

వానదీ ఇలాంటి కథే. కుండపోత రోజుల్లో ఇంటి నుంచే పని చేయించమని సైబరాబాద్ పోలీసులు ఐటీ కంపెనీలకు చెబుతారు. ఇక ఒకే కనెక్షన్ మీద నాన్న మీటింగు, అమ్మ మీటింగు, బడి లేని పిల్లల కార్టూన్లు. కరెంటు పోతే జనరేటర్ మీద ఫ్లాట్‌లో లైట్లు వెలుగుతాయి, రౌటర్ వెలుగుతుంది, నెట్ మాత్రం ఉండదు. కొన్ని అపార్టుమెంట్లలో కింద సెల్లార్‌లో ఇంటర్నెట్ వాళ్ల స్విచ్ పెట్టె ఉంటుంది. దాన్ని జనరేటర్ లైనుకు కలపాలన్న ఆలోచన ఎవరికీ వచ్చి ఉండదు. అసోసియేషన్ మీటింగులో పార్కింగ్ గొడవల మధ్య ఈ మాట కూడా ఒకసారి ఎత్తండి.

దీపాలన్నీ పచ్చగా ఉండి కూడా టీవీలో ఆ చక్రం తిరుగుతోందంటే అసలు దొంగ ఇంట్లోనే ఉన్నాడు. కోకాపేట, నార్సింగి, తెల్లాపూర్ వైపు కొత్త టవర్లలో చాలావాటిది మైవాన్ కట్టడం. అల్యూమినియం అచ్చులు పెట్టి గోడలన్నీ కాంక్రీటుతో పోస్తారు, లోపలంతా ఇనుము. పనీ త్వరగా అవుతుంది, గోడా గట్టిగా ఉంటుంది. ఆ గట్టితనమే వైఫైకి శాపం. పైగా బిల్డరు ఫైబర్ పాయింటు ఇచ్చేది గుమ్మం పక్కన, చెప్పుల అలమర వెనక. కొందరి ఇళ్లలో రౌటర్‌ని ఏకంగా రేకు పెట్టెలో పెట్టి తలుపు వేస్తారు! టీవీ ఏమో హాలు దాటి, రెండు గోడల అవతల పడకగదిలో.

రౌటర్ రెండు రకాల సిగ్నల్ ఇస్తుంది. 5 గిగాహెర్ట్‌జ్‌ది వేగం ఎక్కువ, గోడ ఎదురైతే మాత్రం చతికిలబడుతుంది. 2.4 గోడల్ని కాస్త మెరుగ్గా దాటుతుంది కానీ అక్కడ రద్దీ. ఒకదానికొకటి అడ్డం రాని ఛానెళ్లు 1, 6, 11 మూడే. పైన, కింద, పక్కన ఉన్న ఇళ్ల రౌటర్లన్నీ వాటిమీదే కూర్చుంటాయి.

మనవాళ్లు ముందుగా చేసే పని ప్లాన్ పెంచడం. ప్రపంచం మొత్తానికి సర్వర్లు కాసే ఇంజనీర్లు కూడా ఇంటికొస్తే ఇదే చేస్తారు, చిత్రం! 4కే సినిమాకు నెట్‌ఫ్లిక్స్ అడిగేది 15 ఎంబీపీఎస్, మామూలు ఫుల్ హెచ్‌డీకి 5. ఇంట్లో 200 ప్లాన్ ఉండగా 500కి వెళ్తే గోడ ఏమన్నా పలచబడుతుందా? స్పీడ్ టెస్టు రౌటర్ పక్కన నిలబడి చేస్తే ఏమీ తేలదు. రాత్రి 9 గంటలకు, టీవీ పక్కన ఫోన్ పెట్టి చేయండి. తర్వాత రౌటర్‌కు తీగతో కలిపిన ల్యాప్‌టాప్‌లో చేయండి. తీగ మీద కూడా నీరసంగా వస్తే అప్పుడు కంపెనీవాళ్లతో ధైర్యంగా పోట్లాడొచ్చు. తీగ మీద బాగుంటే గోడతోనే పోట్లాట.

సెప్టెంబరు 28 రాత్రి ఆసియా కప్పు ఫైనల్ సంగతి వేరు. పాకిస్తాన్ 146కే ఆలౌటయినా మనవాళ్లు ఆఖరి ఓవరు దాకా లాగారు. మన హైదరాబాద్ కుర్రాడు తిలక్ వర్మ 69 కొట్టి నాటౌట్‌గా నిలిచాడు. నెట్‌లో చూసేవాళ్లకు రింకూ సింగ్ గెలుపు ఫోర్ ఇంకా పడకముందే, డిష్ పెట్టుకున్న పొరుగింట్లో కేకలు. సినిమానైతే టీవీ ముందే కొంత నింపి పెట్టుకుంటుంది, మిద్దె మీది ట్యాంకులో నీళ్లలాగ. మధ్యలో నెట్ కాస్త తడబడినా మనకు తెలియదు. జరుగుతున్న మ్యాచ్‌ని అంత ముందుగా నింపుకునే వీల్లేదు. నింపుకునే ఆ కొద్దిపాటికే ఆలస్యం, అది కూడా నిండుకుంటే చక్రం. క్రికెట్టు పిచ్చి ఉన్న ఇంట్లో డిష్ తీసేయొద్దని నా సలహా.

ఆ దసరాకి ఇంకో వేడుక. సెప్టెంబరు 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. ‘పాత టీవీ వల్లే ఆగుతోంది’ అని కొత్త పెద్ద టీవీ తెచ్చి, అదే గోడకి, అదే వైఫైకి తగిలించినవాళ్లు ఎందరో. చాలా స్మార్ట్ టీవీల వెనక ఒక లాన్ పోర్టు ఉంటుంది. దాని వేగం చాలావాటిలో 100 ఎంబీపీఎస్ మాత్రమే అయినా, ఏ 4కే సినిమాకైనా అది దండిగా సరిపోతుంది. టీవీ గోడకు బిగించడానికి కుర్రాడు డ్రిల్లు మిషన్‌తో ఎలాగూ వస్తాడు. క్యాట్ 6 తీగ ముందే కొని ఉంచి, స్కర్టింగ్ వెంట రౌటర్ దాకా లాగించండి. కాంక్రీటు గోడలో ఇంకో బెజ్జం వేయమంటే మొహం చిట్లిస్తాడు, ఓ యాభై ఎక్కువ అడుగుతాడు, ఇచ్చేయండి.