పిట్టలవానిపాలెం నుంచి కువైట్‌కి ఎన్ని మజిలీలు?

తెనాలి, బాపట్ల, రేపల్లె... ఈ మూడూ మీకు తెలిసే ఉంటాయి. ఫోన్‌లో మ్యాప్ తెరిచి, ఆ మూడింటి నడుమ కాస్త జూమ్ చేయండి. కాలవలు, వరిమళ్లు, వాటి మధ్యలో పిట్టలవానిపాలెం. అంత పొడుగు పేరు పలికే ఓపిక ఇక్కడెవరికీ లేదు. మాటల్లో అందరికీ పి.వి.పాలెమే.

నిన్నమొన్నటి దాకా ఇది గుంటూరు జిల్లా. 2022 ఏప్రిల్ 4 నుంచి బాపట్ల జిల్లా. చందోలు ఈ మండలంలోనే ఉంది. ఇప్పుడు చూస్తే మామూలు ఊరే గానీ, ఒకప్పుడు వెలనాటి చోడులు రాజ్యమేలిన రాజధాని. ప్రకాశం బ్యారేజీ దగ్గర మళ్లిన కృష్ణ నీళ్లు ఈ మళ్ల దాకా వస్తాయి. వరి కోతకు ముందే మళ్లలో మినుములు చల్లేస్తారు. కోత అయ్యేసరికి దుబ్బుల మధ్య మినప మొక్క తలెత్తి ఉంటుంది. చూడ్డానికి చాలా బాగుంటుంది. కానీ ఆ పచ్చదనంలో ఆడకూలీలకు పని దొరికే రోజులెన్ని అని అడిగితే, కోత మిషన్లు వచ్చాక తగ్గాయనే మాటే వినిపిస్తుంది.

అలా పని తగ్గిన ఇంట్లో ఏదో ఒకరోజు ఓ మాట వస్తుంది. "కువైట్ వెళ్తే ఎలా ఉంటుంది?"

మజిలీ 1: ఊళ్లో అడగడానికి మనిషి

రేపల్లె, బాపట్ల మీదుగా పోయే 216 జాతీయ రహదారి ఉంది కదా, దాన్ని పట్టుకుని ఈశాన్యంగా వెళ్తే మచిలీపట్నం, నర్సాపురం, రాజోలు, అమలాపురం వస్తాయి. ఆ గోదావరి ఊళ్లలో ఇంటిపని కోసం గల్ఫ్ వెళ్లొచ్చిన ఆడవాళ్లు లేని వీధి తక్కువ. అటు రాజంపేట, రాయచోటి వైపు కూడా అంతే. అక్కడి చిన్నపిల్లలకు కూడా కఫీల్ అంటే యజమాని అనీ, అకామా అంటే అక్కడ ఉండటానికిచ్చే కాగితం అనీ తెలుసు. ఖాదిమ్ వీసా అంటే ఇంటిపని వీసా, కువైట్‌లో దాన్నే 20 నంబర్ వీసా అంటారని చెప్తారు. యజమాని ఇంటి నుంచి బయటికొచ్చి కాగితాలు లేకుండా మిగిలిపోయినవాళ్లను "కల్లివెల్లి" అంటారనీ తెలుసు.

పి.వి.పాలెం వైపు గల్ఫ్ మాట అంతగా వినపడదు. ఎవరైనా బయల్దేరదామనుకుంటే, "పిన్నీ, నువ్వెళ్లినప్పుడు ఏ వీసా ఇచ్చారు?" అని అడగడానికి పక్కింట్లో పిన్ని ఉండదు. ఉండేది ఏజెంటు ఫోన్ నంబరొక్కటే. ప్రమాదం ఇక్కడే మొదలవుతుంది.

కర్లపాలెం నుంచి వస్తున్న షేర్ ఆటోలో నలభై దాటిన ఒకావిడ ఈ మాటే ఎత్తింది. కొడుకు ఇంటర్ అయిపోయిందట, ఇంజినీరింగ్‌లో చేర్చాలట.

"పైసా కట్టక్కర్లేదన్నాడు బాబూ. టిక్కెట్టు కూడా ఆళ్లే ఏస్తారంట."

"ఏ వీసా అన్నాడక్కా?"

"అయ్యన్నీ నాకేం తెలుసు? ముందు దుబాయంట. చూసొచ్చే వీసా మీద తీసుకెళ్లి, అక్కడ దిగినాక మార్పిస్తారంట."

"కాగితం ఏమన్నా ఇచ్చాడా?"

"కాగితమెందుకు, నేను లేనా అన్నాడు."

ఆ ఒక్క మాట చాలు, దిగిపోవాల్సిన ఆటో అది అని చెప్పడానికి.

మజిలీ 2: పాస్‌పోర్టులో మూడక్షరాలు

పదో తరగతి పాస్ కాని వాళ్లకు వచ్చే పాస్‌పోర్టులో ఈసీఆర్ అని ఉంటుంది. అంటే, ఉద్యోగానికి కొన్ని దేశాలకు వెళ్లాలంటే ముందు ప్రభుత్వం ఆ కాగితాలు చూడాలని అర్థం. గల్ఫ్ దేశాలన్నీ ఆ జాబితాలో ఉన్నాయి. చాలామంది దీన్ని అడ్డంకి అనుకుంటారు. నిజానికి 1983 ఎమిగ్రేషన్ చట్టం ఇచ్చిన కంచె ఇదే. జీతం ఎంత, యజమాని ఎవరు, పనేంటి అన్నవి రాతలో ఉంటేనే గేటు తెరుచుకుంటుంది.

ఈసీఆర్ పాస్‌పోర్టున్న ఆడవాళ్లకు ఇంకో రెండు నియమాలున్నాయి. మొదటిది, ఇంటిపనికి ఈ దేశాలకు వెళ్లాలంటే 30 ఏళ్లు నిండాలి. రెండోది, 2016 ఆగస్టు నుంచి ఇలాంటి ఉద్యోగాలకు ప్రైవేటు ఏజెంట్లు పంపకూడదు. ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్లాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఆ సంస్థ ఓంక్యాప్, తెలంగాణలో టామ్‌కామ్.

ఇప్పుడు ఆటోలో అక్క చెప్పిన "చూసొచ్చే వీసా" ఎందుకో అర్థమైందా? టూరిస్టులను ఈ తనిఖీ అడగదు. కంచెకు పక్కనున్న సందు అది. ఆ సందులోంచి దూరి వెళ్లిన మనిషి పేరు ఉద్యోగిగా ఏ ప్రభుత్వ రికార్డులోనూ ఉండదు. రేపు జీతం రాకపోతే "ఒప్పందం చూపించు" అంటారు. చూపించడానికి ఏమీ ఉండదు.

పదో తరగతి పాసైనవాళ్లూ ఓ మాట గుర్తుపెట్టుకోవాలి. మీ పాస్‌పోర్టుకు ఈ తనిఖీ అక్కర్లేదు కాబట్టి మీ కాగితాలు ప్రభుత్వం చూడదు. మీరే చూసుకోవాలి.

మజిలీ 3: హైదరాబాద్

రేపల్లె నుంచి హైదరాబాద్ వైపు డెల్టా రైలు ఉంది కదా. వలస కార్మికుల వ్యవహారాలు చూసే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది. ఇప్పుడు పాస్‌పోర్టు మీద స్టాంపు కోసం క్యూ కట్టక్కర్లేదు, అనుమతి అంతా ఈ-మైగ్రేట్ పోర్టల్‌లోనే నడుస్తుంది. యజమాని వివరాలు, ఒప్పందం, జీతం అన్నీ అందులో ఎక్కాలి.

దాంతోపాటు ప్రవాసీ భారతీయ బీమా యోజన తీసుకోవాలి. రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా వైకల్యం వచ్చినా 10 లక్షల రూపాయల బీమా ఉంటుంది. ఒక సినిమాకి ఇంటిల్లిపాదీ వెళ్తే అయ్యే ఖర్చు కూడా కాదు. సందులోంచి వెళ్లినవాళ్లకు ఇది ఉండదు.

ఏ ఉద్యోగానికైనా సరే, రిజిస్టర్ కాని ఏజెంటు మనుషుల్ని విదేశాలకు పంపడం నేరం. చట్టంలో రెండేళ్ల వరకు జైలుంది. రిజిస్టర్ అయినవాడు కూడా అభ్యర్థి దగ్గర 30 వేల రూపాయలు, దాని మీద జీఎస్టీ కంటే ఎక్కువ తీసుకోకూడదు.

"మరి ఆ ఏజెంటు పైసా కూడా అడగలేదుగా!" అంటారా? ఇంటిపని విషయంలో అసలు మెలిక అదే. డబ్బు మన దగ్గర తీసుకోడు, అక్కడి యజమాని దగ్గర తీసుకుంటాడు. యజమాని ఆ ఖర్చు భరించడం తప్పేం కాదు, చట్టప్రకారం భరించాల్సింది ఆయనే. కానీ చేతులు మారిన మొత్తమెంతో మనకు తెలియదు. పని కష్టమై "వెళ్లిపోతాను" అన్న రోజు బయటపడుతుంది. "నీకోసం ఇంత కట్టాను, అది తిరిగిచ్చి వెళ్లు" అంటారు. ఇక్కడ ఫ్రీ అనుకున్నది అక్కడ అప్పవుతుంది.

మజిలీ 4: కువైట్‌లో ఓ ఇంటి తలుపు

"అరబ్బు దేశంలో మనకు చట్టమేంటి" అనుకునేవాళ్లు చాలామంది. చట్టం ఉంది. కువైట్ 2015లో ఇంటిపనివాళ్ల కోసమే ప్రత్యేకంగా 68వ నంబరు చట్టం చేసింది. అందులో ఏముందో వరసగా చూడండి:

రోజుకు పని 12 గంటలు మించకూడదు, మధ్యలో విశ్రాంతి ఉండాలి. వారానికి ఒక రోజు జీతంతో సెలవు. ఏడాదికి 30 రోజుల జీతంతో సెలవు. పని ముగించి వచ్చేటప్పుడు, చేసిన ప్రతి ఏడాదికీ ఒక నెల జీతం అదనం. పనిమనిషి ఒప్పుకోకుండా పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదు. రిక్రూట్‌మెంట్ ఆఫీసు పనిమనిషి దగ్గర డబ్బు తీసుకోకూడదు.

2016లో కనీస జీతం నెలకు 60 దినార్లుగా పెట్టారు. దినార్ 270 రూపాయలని లెక్క వేసుకుంటే 16,200 రూపాయలు. "నెలకి యాభై వేలు గ్యారంటీ" అని ఎవరైనా అంటే, ఆ అంకె ఒప్పందంలో రాసి చూపించమనండి. మన ప్రభుత్వం కూడా దేశాన్ని బట్టి, పనిని బట్టి కనీస జీతం ఇంత ఉండాలని విడిగా నిర్ణయిస్తుంది. 2020లో గల్ఫ్ దేశాలకు ఆ మొత్తాలు తగ్గిస్తే తెలంగాణ హైకోర్టులో పిల్ పడింది. 2021లో పాత వేతనాలే మళ్లీ వచ్చాయి. ఖతార్‌లో 2021 మార్చి నుంచి ఇంటిపనివాళ్లకు కూడా కనీస జీతం వెయ్యి రియాళ్లు, పని రోజుకు 10 గంటలే. యూఏఈ 2022లో కొత్త చట్టం తెచ్చింది. అందులో రోజుకు 12 గంటల విశ్రాంతి, వారానికో సెలవు ఉన్నాయి.

మరి ఇన్ని చట్టాలుంటే ఏడుపు వీడియోలు ఎందుకొస్తున్నాయి? ఫ్యాక్టరీకి వెళ్లినట్టు తనిఖీ అధికారి ఇంట్లోకి రాడు కాబట్టి. పనిచేసే చోటు, పడుకునే చోటు ఒకటే. తలుపు తాళం, ఫోన్ ఛార్జరు, చెత్త పారేయడానికి బయటికెళ్లే సమయం అన్నీ యజమాని చేతిలోనే. చట్టం ఆ తలుపు దాటి లోపలికి రావాలంటే లోపలి మనిషి నుంచి ఓ ఫిర్యాదు రావాలి. ఫిర్యాదుకు కాగితం కావాలి, ఫోన్ కావాలి.

కష్టం మితిమీరితే తెలిసినవాళ్ల రూములో దాక్కోవడం కంటే భారత రాయబార కార్యాలయానికి వెళ్లడం మేలు. దాక్కుంటే యజమాని "పారిపోయింది" అని కేసు పెడతాడు, అప్పటిదాకా బాధితురాలు నిందితురాలవుతుంది. కువైట్‌లోని మన ఎంబసీ ఇలాంటి ఆడవాళ్లకు ఆశ్రయమిస్తుంది. టిక్కెట్టుకు డబ్బుల్లేని వాళ్లను పంపించడానికి ప్రత్యేక సంక్షేమ నిధి కూడా ఉంది. 2021 జూన్‌లో భారత్, కువైట్ ఇంటిపనివాళ్ల మీద ఒక ఒప్పందం కూడా చేసుకున్నాయి.

మజిలీ 5: మళ్లీ మన సముద్రం ఒడ్డుకి

ఇదంతా విని "కాగితం అంత గొప్పదా?" అనిపిస్తే, బాపట్ల జిల్లాలోనే ఉన్న మోటుపల్లి సంగతి వినండి. ఒకప్పుడు పెద్ద ఓడరేవు. తుపానుకు ఓడ ఒడ్డుకు కొట్టుకొస్తే, అందులో ఉన్న సరుకంతా రాజులు లాక్కునే రోజులవి. కాకతీయ గణపతిదేవుడు 1244-45లో అక్కడ ఓ శాసనం వేయించాడు. సుంకం తప్ప ఇంకేమీ తీసుకోమని, సముద్రం దాటి వచ్చినవాళ్లకు రక్షణ ఇస్తామని. చరిత్రలో దానికి అభయ శాసనమనే పేరు. నోటిమాటతో సరిపెట్టలేదు, రాయి మీద చెక్కించాడు. పరాయి ఒడ్డున దిగిన మనిషికి రాతే దిక్కని ఈ తీరానికి దాదాపు 780 ఏళ్ల కిందటే తెలుసు.

ఇప్పటి కాలంలో ఆ పని ఫిలిప్పీన్స్ చేసి చూపించింది. 2006లోనే తమ ఇంటిపనివాళ్లకు నెలకు 400 డాలర్ల కనీస జీతం ఉండాలంది. 2018లో కువైట్‌లో ఒక ఫిలిప్పీన్స్ పనిమనిషి శవం ఫ్రీజర్‌లో దొరికితే, ఆ దేశం కొత్తగా మనుషుల్ని పంపడం ఆపేసింది. ఆ మే నెలలో ఒప్పందం కుదిరింది. అందులో ఒక అంశం మీరు చదవాలి: పనిమనిషి తన మొబైల్ ఫోన్ తన దగ్గరే ఉంచుకోవచ్చు. మనం బాత్రూమ్‌కి కూడా తీసుకెళ్లే ఫోన్ కోసం రెండు దేశాలు సంతకాలు చేయాల్సి వచ్చింది.

మీ వంతు

ఈ వ్యాసం చదువుతున్నవాళ్లలో గల్ఫ్‌కి ఇంటిపనికి వెళ్లేవాళ్లు తక్కువే ఉండొచ్చు. కానీ మీ అమ్మో, పిన్నో, వీధి చివరి అక్కో ఆ ఆలోచనలో ఉండొచ్చు. ఏజెంటు ఆవిడతో మాట్లాడతాడు, మీతో కాదు. ఆవిడ చేతిలో లేనిది, మీ చేతిలో ఉన్నది ఒకటే. ఈ స్క్రీన్.

ఈ-మైగ్రేట్ సైట్‌లో రిజిస్టర్ అయిన ఏజెంట్ల జాబితా ఉంది, పేరు కొట్టి చూడండి. ఈసీఆర్ పాస్‌పోర్టయితే అసలు ఏజెంటునే పక్కనపెట్టి ఓంక్యాప్‌ను అడగండి. అనుమానముంటే విదేశాంగ శాఖ ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం టోల్ ఫ్రీ నంబరు 1800 11 3090కి చేయండి. వెళ్లాక గొడవొస్తే మదద్ పోర్టల్‌లో ఇక్కడి నుంచే మీరు ఫిర్యాదు పెట్టొచ్చు. తాడేపల్లిలో ఏపీఎన్ఆర్‌టీ సొసైటీ కూడా ఉంది.

బయల్దేరే ముందు పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం, బీమా, యజమాని ఇంటి అడ్రసు ఫొటోలు తీసి మీ ఫోన్‌లోనూ ఒక కాపీ పెట్టుకోండి. అక్కడ ఫోన్ లాక్కున్నా ఇక్కడ కాగితం ఉంటుంది. వారానికోసారి ఏ రోజు, ఏ టైముకు మాట్లాడాలో ముందే అనుకోండి. ఆ రోజు ఫోన్ రాకపోతే మర్నాడే కదలండి, నెల ఆగొద్దు.

ఏజెంటును మాత్రం మూడు ప్రశ్నలు అడగండి. ఏ వీసా? ఎవరింట్లో? ఎంత జీతం? జవాబు నోటితో వద్దు, వాట్సాప్‌లో రాసి పంపమనండి. "కాగితమెందుకు, నేను లేనా" అన్నాడో, ఆ నంబరు అక్కడే బ్లాక్ చేసేయండి.